వసంతాన్ని పీల్చుకోమనేవారితో నా పేచీ

చలి తగ్గుముఖం పట్టి, పగళ్లు పొడుగవుతున్నాయని తెలిసే రోజుల్లో, ధ్యానం నేర్పే ప్రతి చోటా ఇంచుమించు ఒకే సూచన వినిపిస్తుంది. కళ్లు మూసుకోండి, ఊపిరి తీసుకుంటూ వసంతాన్ని లోపలికి పిలవండి, ఊపిరి వదులుతూ శీతకాలాన్ని బయటికి పంపేయండి అంటారు. ఈ మధ్య ఒక ఫోన్ యాప్‌లో ఇదే మాటను మెత్తని గొంతుతో, వెనకాల పిట్టల కూతలతో విన్నాను. గొంతు బాగుంది, పిట్టల కూతలూ బాగున్నాయి, మాట మాత్రం మింగుడుపడలేదు. ఊపిరి మీద ధ్యాస నిలపడం వల్ల ఉపయోగం లేదని నేను అనను. నేను చాలాకాలంగా చేస్తున్న పని అది, వసంతం వచ్చే వేళ అది మరింత పనికొస్తుందని కూడా నా నమ్మకం. అయితే పై సూచన చెప్పే కారణం వల్ల కాదు, దాదాపు దానికి ఎదురు కారణం వల్ల. ఆ సూచనలో శీతకాలాన్ని చెత్తగా లెక్కగట్టడం ఒక పొరపాటు, ఆనందాన్ని పీల్చుకోదగిన వస్తువుగా భావించడం రెండో పొరపాటు. మొదటిదాన్ని తేలిగ్గానే సవరించుకోవచ్చు. రెండోదే మనల్ని ఏళ్ల తరబడి తప్పుదోవ పట్టించగలదు.

మొగ్గ ఎప్పుడు పుట్టింది?

ఆకులన్నీ రాలిపోయిన కొమ్మను చలికాలం నడుమ ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి. దూరం నుంచి ఎండుపుల్లలా కనిపించే ఆ కొమ్మకు ప్రతి కణుపు దగ్గరా గోధుమ గింజ కంటే కాస్త పెద్దదైన ఒక ఉబ్బు ఉంటుంది. దాని మీద పొలుసులు ఒకదాని అంచును మరొకటి కప్పుతూ బిగువుగా అమరి ఉంటాయి, కొన్ని చెట్లకైతే వాటి మీద వేలికి అంటుకునే జిగురు కూడా ఉంటుంది. గోటితో జాగ్రత్తగా ఆ పొలుసులను ఒక్కొక్కటే విప్పితే, లోపల మడతల మీద మడతలుగా లేత ఆకుపచ్చ కనిపిస్తుంది. భూతద్దం ఉంటే రాబోయే పువ్వు భాగాలను కూడా గుర్తుపట్టవచ్చు. ఆకు రాల్చే పండ్ల చెట్లలో చాలావాటికి వసంతంలో పూసే పూల మొగ్గలు అంతకుముందు వేసవిలోనే రూపుదిద్దుకోవడం మొదలుపెడతాయి. అంటే మనం ఈ ఏటి పువ్వు అనుకునేది నిజానికి నిరుటి ఎండలో మొదలైన పని.

ఇంకో విషయం కూడా ఉంది. ఆ మొగ్గ విచ్చుకోవడానికి వెచ్చదనం ఒక్కటే చాలదు, ముందు చలి కావాలి. చాలా ఆపిల్ రకాలకు ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉండే గంటలు వందల్లో కావాలి, కొన్ని రకాలకు వెయ్యి గంటల దాకా కావాలి. చలికాలం మరీ వెచ్చగా గడిచిపోయిన ఏడాది ఆ చెట్లు ఆలస్యంగా, ఒక కొమ్మ ఇప్పుడు ఒక కొమ్మ అప్పుడు అన్నట్టు పూస్తాయి. పూర్తయిన చలికాలాన్ని చెట్టు ఏదో ఒక రీతిలో లెక్కపెట్టుకుంటుంది. అటువంటప్పుడు శీతకాలాన్ని ఊపిరితో బయటికి ఊదెయ్యమని చెప్పడం చెట్టు చేసే పనికి పూర్తిగా వ్యతిరేకం.

చెట్టుకు వర్తించేది మనిషికి వర్తించాలని నియమం లేదు, ఆ మాట ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ ఊపిరి విషయంలో మాత్రం శీతకాలం మనకు చేసే మేలు నేరుగా ముక్కు కొస మీదే తెలుస్తుంది. బయట గాలి చల్లగా ఉన్నప్పుడు లోపలికి పోయే ఊపిరి ముక్కుపుటాల అంచును చురుక్కుమనిపిస్తుంది. లోపలి తడి గోడలను తాకుతూ పోయే ఆ కొద్ది దూరంలోనే ముక్కు దాన్ని ఒంటి వెచ్చదనానికి దగ్గరగా తెస్తుంది, తేమ కలుపుతుంది. తిరిగి వచ్చే ఊపిరి వెచ్చగా, తడిగా పై పెదవిని తాకుతుంది. మరీ చలిగా ఉంటే నోటి ముందు ఆవిరిగా కంటికి కూడా కనిపిస్తుంది. ఎవరూ నేర్పకపోయినా, ఏ గురువూ లేకపోయినా, చలిలో నిలబడ్డ మనిషికి తాను ఊపిరి తీస్తున్నానని తెలుస్తుంది. వసంతం ముదిరే కొద్దీ బయటి గాలికీ ఒంటికీ మధ్య ఆ తేడా తగ్గిపోతుంది, ఊపిరి జాడ పలచబడుతుంది. కాబట్టి శ్వాసను గమనించడం నేర్చుకోవడానికి చలికాలమే అనువైన కాలమని నా అభిప్రాయం. వసంతంలో కొత్తగా మొదలుపెట్టినవారు ఏమీ తెలియడం లేదని విసుక్కోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఆనందాన్ని కనిపెట్టుకుని కూర్చుంటే

ఇప్పుడు రెండో పొరపాటు సంగతి. 2003లో స్కూలర్, ఏరియలీ, లోవెన్‌స్టైన్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలను ప్రచురించారు. కొందరికి సంగీతం వినిపించారు. కొందరిని ఊరికే వినమన్నారు, కొందరిని వింటూ వీలైనంత సంతోషంగా ఉండటానికి ప్రయత్నించమన్నారు, కొందరిని వింటున్నంతసేపూ తమ సంతోషం ఎంత ఉందో చూసుకుంటూ ఉండమన్నారు. సంతోషంగా ఉండటానికి ప్రయత్నించినవారి కంటే ఊరికే విన్నవారి మనఃస్థితే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. వాళ్లు వినిపించిన సంగీతం స్ట్రావిన్‌స్కీ వసంతం మీద కూర్చినది కావడం నాకు ముచ్చటగా అనిపించింది. అది చెవికి ఇంపుగా సాగిపోయే సంగీతం కాదు కనుక ఆ ప్రయోగంతో అంతా తేలిపోయిందని అనలేం. అయితే 2011లో ఐరిస్ మాస్, ఆమె సహచరులు మరో దారిలో ఇదే చోటికి చేరుకున్నారు. సంతోషంగా ఉండటం ఎంత ముఖ్యమో చెప్పే వ్యాసాన్ని ముందుగా చదివినవారు, ఆ తర్వాత సంతోషం కలిగించే సినిమా ముక్కను చూసినప్పుడు, ఆ వ్యాసం చదవనివారి కంటే తక్కువ సంతోషాన్ని పొందారు. సంతోషించాల్సిన సందర్భంలో సంతోషం సరిపోవడం లేదన్న అసంతృప్తే దానికి కారణమని వారి వివరణ.

వసంతం సరిగ్గా అటువంటి సందర్భం. ఆనందించి తీరాల్సిన ఋతువుగా దానికి పేరుపడిపోయింది. పూసిన చెట్టు కింద నిలబడి, అందరికీ కలుగుతోందని చెప్పే ఆ పొంగు నాకెందుకు రావడం లేదని లోలోపల లెక్క చూసుకోని మనిషి అరుదు. అటువంటి మనిషిని కూర్చోబెట్టి వసంతానందాన్ని పీల్చుకోమని చెబితే, ప్రతి ఊపిరీ ఒక పరీక్ష అవుతుంది. వచ్చిందా? ఇంకా రాలేదా? ఈసారి వచ్చిందా? ఉడుకుతున్న అన్నం గిన్నె మీది మూతను ఘడియకోసారి తీసి చూసే వారి అన్నం ఎప్పటికి ఉడుకుతుంది?

నా వాదన ఇదీ. ధ్యాస నిలపాల్సింది ఊపిరి మీదే, ఆనందం మీద కాదు. ఆనందం వస్తే పక్కన వచ్చి కూర్చుంటుంది, దాని వైపు తిరిగి చూడనక్కర్లేదు. ఊపిరి దీనికి తగిన ఆసరా ఎందుకయిందంటే, దాని దగ్గర మనం సాధించాల్సింది ఏమీ లేదు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. రోజుకు ఇరవై వేల దరిదాపుల్లో తేలే ఆ లెక్కలో ఏ ఒక్క ఊపిరికీ మార్కులు వేయాలని మనకు తోచదు. మంచి ఊపిరి, చెడ్డ ఊపిరి అని పోల్చుకునే అలవాటు మనకు లేదు. సంతోషం విషయంలో ఆ అలవాటు పుట్టెడు ఉంది.

చూస్తే ఊపిరి కూడా బిగుసుకుంటుంది కదా అని ఇక్కడ ఎవరైనా అడ్డు తగలవచ్చు, తగలాలి కూడా. సాధన మొదలుపెట్టిన ప్రతివారి ఫిర్యాదూ అదే. అప్పటిదాకా దానంతట అది సాగిన ఊపిరి, మనం తలతిప్పి చూసేసరికి ఎబ్బెట్టుగా మారిపోతుంది, దాన్ని చేత్తో నడపాల్సి వస్తున్నట్టు అనిపిస్తుంది. గుండె కొట్టుకోవడంలా ఊపిరి పూర్తిగా మన అదుపు బయట ఉండదు, నడకలా పూర్తిగా మన ఇష్టం మీదా ఆధారపడదు. మెదడు కాండంలోని ఒక చిన్న నాడీకణాల గుంపు దాని లయను పుట్టిస్తుందని 1991లో గుర్తించారు. కావాలనుకుంటే ఆ లయను మనం కాసేపు మన చేతుల్లోకి తీసుకోగలం. కనుక చూపు ఊపిరిని కదిలిస్తుందన్నది నిజం. అయినా తేడా ఒకటి ఉంది. చూపు తగిలి బిగుసుకున్న ఊపిరి బిగుసుకున్న ఊపిరిగానే కొనసాగుతుంది, గమనించడానికి అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చూపు తగిలిన ఆనందం అక్కడ ఉండదు.

ఫోన్ ఎత్తి పట్టుకున్నవారి ఊపిరి

నిరుడు విరగబూసిన ఒక చెట్టు కింద జనం గుమిగూడి ఉండగా చూశాను. దాదాపు అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. నేను చూసింది ఫోన్లను కాదు, వారి భుజాలను. ఫొటో తీసే ముందు చెయ్యి వణకకుండా ఉండటానికి మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. భుజాలు కొద్దిగా పైకి లేస్తాయి, నోరు మూసుకుంటుంది, బొమ్మ పడ్డాక భుజాలు దిగుతాయి. వెంటనే ఇంకో కొమ్మ, మళ్లీ బిగబట్టడం. పువ్వుల వాసన సోకే దూరంలో నిలబడి, సరిగ్గా పువ్వును చూస్తున్న ఆ క్షణంలోనే ఊపిరి ఆపుకుంటున్నారు. తెరల ముందు కూర్చున్నప్పుడు మనుషులు ఊపిరి బిగబట్టడాన్ని గమనించి లిండా స్టోన్ అనే రచయిత్రి 2008లోనే దాని గురించి రాశారు. వసంతంలో ఆ తెరను మనం చెట్టు కిందికి కూడా తీసుకుపోతున్నాం.

ఫొటోలు తీయకూడదని చెప్పడానికి ఇది రాయలేదు. నేనూ తీస్తాను. ఊపిరిని గమనించడం వసంతంలో ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకలేదంతే. బిగబట్టిన ఊపిరికి వాసన అందదు. చలికాలంలో గాలిలోకి ఎగసే వాసన అణువులు తక్కువ, నేల వెచ్చబడే కొద్దీ అవి పెరుగుతాయి. తడి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థాన్ని మనిషి ముక్కు అత్యంత స్వల్ప మోతాదులో కూడా పసిగడుతుంది. మట్టి వాసన అని మనం అనేదానిలో పెద్ద పాలు దానిదే. చాలా చోట్ల వసంతం మొదట కంటికి కాదు, ముక్కుకు తెలుస్తుంది. ఊపిరి తీస్తున్నానని తెలిసిన మనిషికి ఆ వాసన అడగకుండానే అందుతుంది. పీల్చుకోమని చెప్పిన ఆ యాప్ గొంతుకు నేను ఒప్పుకోగలిగిన అర్థం ఏదైనా ఉంటే ఇది ఒక్కటే. వసంతంలో పీల్చుకోదగినది ఆనందం కాదు, గాలి.

ఆరో మెట్టు దాకా

ఈ వాదన విన్న నా స్నేహితురాలు ఒకరు, పాలీ గ్రంథాలు బాగా చదువుకున్న మనిషి, వెంటనే అభ్యంతరం చెప్పారు. శ్వాస మీద ధ్యాసకు సంబంధించి బౌద్ధంలో మూలమనదగిన ఆనాపానసతి సుత్తం, అంటే బుద్ధుడి బోధల సంకలనమైన మజ్ఝిమ నికాయంలో 118వది, పదహారు మెట్లు చెబుతుంది. అందులో అయిదో మెట్టు ప్రీతిని అనుభవిస్తూ ఊపిరి తీయడం, వదలడం. ఆరో మెట్టు సుఖాన్ని అనుభవిస్తూ ఊపిరి తీయడం, వదలడం. "బుద్ధుడే ఆనందాన్ని సాధనలో భాగం చేస్తే, దాని వైపు చూడవద్దని మీరెలా అంటారండీ?" అని ఆమె ప్రశ్న.

గట్టి ప్రశ్నే. దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. ఆ మెట్ల వరుసను చూస్తే నాకు రెండు సంగతులు కనిపించాయి. ప్రీతి అయిదో మెట్టు మీద ఉంది, మొదటి మెట్టు మీద లేదు. దానికి ముందు నాలుగు మెట్లూ దీర్ఘమైన ఊపిరిని దీర్ఘమని, హ్రస్వమైనదాన్ని హ్రస్వమని తెలుసుకోవడం, ఒళ్లంతా ఎరుకలో ఉంచుకోవడం, ఒంటిని నెమ్మదింపజేయడం. ఆ నాలుగింటిలో ఎక్కడా ఆనందం ప్రసక్తి లేదు. ఇక రెండోది, పదహారు మెట్లలో ప్రతి ఒక్కదానిలోనూ చేసే పని ఊపిరి తీయడం, వదలడం మాత్రమే. ప్రీతి అయినా సుఖమైనా ఆ పనికి తోడు వచ్చేవే కానీ ఆ పని స్థానంలోకి వచ్చేవి కావు. నా స్నేహితురాలు దీనికి సగమే ఒప్పుకున్నారు. మిగతా సగం ఏమిటంటే, సాధన ముదిరినవారు ప్రీతిని నేరుగా చూసినా అది చెదరదని, చెదిరేది మనలాంటివారి దగ్గరేనని ఆమె అంటారు. కావచ్చు. నేను మనలాంటివారి కోసమే రాస్తున్నాను.

ఇంతకూ ఆ బోధ వసంతంలో జరిగింది కాదు. వర్షాకాల నివాసం ముగిశాక వచ్చే నిండు పున్నమి రాత్రి, శ్రావస్తిలో, బుద్ధుడు ఆ మాటలు చెప్పినట్టు సుత్తంలో ఉంది. అది శరత్తు, ముందున్నది చలి. ఇందులోంచి పెద్ద అర్థం ఏదీ లాగను కానీ, ప్రీతిని ప్రత్యేకంగా ఒక ఋతువుకు ముడిపెట్టినది మనమేనని మాత్రం గుర్తుంచుకుంటాను.

ఊరికే చూడటం కంటే నిట్టూర్చడమే నయమా?

నా వాదనకు ఇంకో వైపు నుంచి కూడా దెబ్బ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరు రోజుకు అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు ఊపిరిని ఊరికే గమనించారు. కొందరు అంతే సేపు, ముక్కుతో ఒకసారి నిండుగా పీల్చి, దాని మీదే ఇంకాస్త పీల్చి, నోటితో చాలా నెమ్మదిగా వదిలారు, అంటే బుద్ధిపూర్వకంగా నిట్టూర్చారు. అందరి మనఃస్థితీ మెరుగుపడింది, అయితే నిట్టూర్చినవారిది ఎక్కువగా మెరుగుపడింది. దీనికి ఒంటిలో ఆధారం కూడా లేకపోలేదు. ఊపిరి తీసేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. వదలడాన్ని సాగదీస్తే నెమ్మదించే పాలు పెరుగుతుంది. నిట్టూర్పు దిగులుకు గుర్తని మనం అనుకుంటాం కానీ, తెలియకుండానే గంటకు పది పన్నెండు సార్లు నిట్టూరుస్తూనే ఉంటాం, ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయిన చిన్న గాలి సంచులు అలాగే తిరిగి విచ్చుకుంటాయి.

కాబట్టి చలికాలమంతా మూసుకుపోయినట్టు గడిపి, ఇప్పుడు మనసు కాస్త తేలిక కావాలని మాత్రమే కోరుకునేవారు నా మాట పక్కనపెట్టి ఆ పద్ధతి చేయవచ్చు. దానికి నా దగ్గర ఎదురు వాదం లేదు. నేను మాట్లాడుతున్నది వేరే అవసరం గురించి. మనసు తేలికగా ఉన్నా చెట్టు ముందు మనిషి లేకుండా పోవడం గురించి. ఒళ్లు చెట్టు కింద ఉండి, ధ్యాస రేపటి పని దగ్గరో, ఇందాకటి ఫొటో ఎలా వచ్చిందన్న దగ్గరో ఉండటం గురించి. ఆ లోటుకు నిట్టూర్పు మందు కాదని నా అనుభవం.

వసంతం గుచ్చుకునేవారు

వసంతం అంటేనే హడలిపోయేవారు కొందరున్నారు, ఈ రకం వ్యాసాల్లో వారి ఊసే ఉండదు. మొదట పుప్పొడి పడనివారు. గాలి మోసుకొచ్చే పుప్పొడితో కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, తుమ్ముల మీద తుమ్ములతో సతమతమయ్యే మనిషిని ఆరుబయట కూర్చుని లోతుగా ఊపిరి పీల్చుకోమనడం సలహా కాదు, హింస. వారికి కిటికీ మూసిన గదే మేలు, వైద్యుడిచ్చిన మందు వేసుకోవడం అంతకంటే మేలు. ఆ తర్వాత ధ్యాస నిలపాలనుకుంటే పాదాలు నేలను తాకే చోటు కూడా ఊపిరి అంత బాగానే పనికొస్తుంది. ఊపిరిని గమనిస్తే ఆయాసం వస్తున్నట్టు, గుండెలు అదిరిపోతున్నట్టు భయం కలిగేవారు కూడా ఉంటారు. అది సాధనలోని బలహీనత కాదు, తోసుకుని ముందుకు పోవాల్సిన అవసరమూ లేదు. చుట్టూ వినిపించే శబ్దాలను వింటూ కూర్చున్నా చాలు.

ఇక దిగులు. పగటి వెలుగు తగ్గిన నెలల్లో కొందరిని కుంగదీసి, వసంతంలో తెరిపినిచ్చే వ్యాకులత గురించి నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు 1984లో వివరించారు. దానికి చేసే చికిత్సలో వాడేది పదివేల లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) తీవ్రత ఉన్న వెలుగు. గదిలో మామూలు దీపాల వెలుగు కొన్ని వందల లక్స్‌కు మించదు, మబ్బు పట్టిన రోజు అయినా బయట వేలల్లో ఉంటుంది. వసంతంలో మనకు కలిగే హుషారులో ఊపిరి వాటా ఎంతో, కేవలం గడప దాటి వెలుగులోకి రావడం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. గదిలో కళ్లు మూసుకుని వసంతాన్ని ఊహించుకోవడం కంటే, కళ్లు తెరిచి బయట నడుస్తూ ఊపిరిని గమనించడం మంచిదని నేను అనడానికి ఇది ముఖ్య కారణం. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గరపడే కొద్దీ పగలు పెరిగే వేగం కూడా పెరుగుతుంది. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర రోజుకు సుమారు నాలుగు నిమిషాల చొప్పున పెరిగే ఆ వెలుగును భూమధ్యరేఖ దగ్గర ఉన్నవారు దాదాపు ఎరగరు. వసంతమనే అనుభవం భూగోళమంతా ఒక్కలాంటిది కాదు.

వ్యాకులత అందరికీ వసంతంతో తెరిపినివ్వదు కూడా. ఆత్మహత్యలు చలికాలం నడిమధ్యలో కాక వసంతం, వేసవి తొలినాళ్లలో ఎక్కువగా ఉంటాయని 19వ శతాబ్దం నుంచే గమనించారు, 1897లో ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త దుర్ఖైమ్ దాని గురించి విస్తారంగా చర్చించారు. కారణం ఏదైనా, చుట్టూ లోకమంతా విచ్చుకుంటున్నప్పుడు తాను మాత్రం విచ్చుకోలేని మనిషి ఒంటరితనం ఎలాంటిదో ఊహించవచ్చు. అటువంటివారికి కావలసింది శ్వాస సాధన మీద వ్యాసం కాదు, పక్కన ఒక మనిషి, ఒక వైద్యుడు.

మా బాబాయి ఒక చలికాలం చివర్లో పోయారు. ఆ తర్వాత వచ్చిన వసంతంలో పిన్నిని చూడటానికి వెళ్లినప్పుడు, కాసేపు బయట కూర్చుని ఊపిరి మీద ధ్యాస పెడితే నెమ్మదిగా ఉంటుందేమోనని నేను అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఊపిరి నాకు ఆడుతూనే ఉంది కదే. ఆగిపోయింది ఆయనది. దీన్ని చూస్తూ కూర్చోమంటావా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ సాయంత్రం ఇద్దరం బయటే కూర్చున్నాం, ధ్యానం ఏమీ చేయలేదు, ఆమె బాబాయి గురించి మాట్లాడుతుంటే నేను విన్నాను. ఈ సాధనను ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది సాధన ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని ఆ తర్వాత నాకు అనిపిస్తూ వచ్చింది. వసంతాన్ని ఆహ్వానించమని ఊరందరికీ ఒకే గొంతుతో చెప్పే సూచనల మీద నా పేచీలో సగం అక్కడి నుంచి పుట్టిందే.

పూలు మామూలైపోయాక

ఇంతా చెప్పాక, నేను చేసే పని చాలా చిన్నది. నడుస్తూ ఉంటాను, ఏదో ఒకటి కంటికో ముక్కుకో తగిలినప్పుడు ఆగుతాను, ఆ తగిలినదాన్ని వదిలేసి ఊపిరి వైపు తిరుగుతాను. లోపలికి పోయేది పూర్తయ్యేదాకా, బయటికి వచ్చేది పూర్తయ్యేదాకా చూస్తాను. కళ్లు తెరిచే ఉంటాయి కనుక కొమ్మ ఎదురుగానే ఉంటుంది, దాన్ని చూడాలని ప్రయత్నించను. కొన్నిసార్లు ఏమీ జరగదు. కొన్నిసార్లు ఆ కొమ్మ అంతకుముందు కంటే కొంచెం దగ్గరగా వచ్చినట్టు ఉంటుంది, దాన్ని ఆనందమని పిలవాలో లేదో కూడా నేను తేల్చుకోలేదు. పిల్లలకు ఇదంతా ఎవరు నేర్పారని అడిగేవారు ఉన్నారు. ఎవరూ నేర్పలేదు, వారికి అక్కర్లేదు. రేపటి పని జేబులో పెట్టుకుని నడిచే వయసు వచ్చాకే ఈ అవసరం వస్తుంది.

ఎంత ధ్యాస పెట్టినా కొన్ని వారాలకు పూలు మామూలైపోతాయి. మంచి మార్పుకైనా చెడ్డ మార్పుకైనా మనసు త్వరగా అలవాటుపడి పాత మట్టానికే చేరుకుంటుందని బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ 1971లో ప్రతిపాదించారు. శ్వాస సాధన దీనికి విరుగుడని, చేసేవారికి వసంతం ఎప్పటికీ పాతబడదని చెప్పేవారి మాట నేను నమ్మను. నాకైతే పాతబడుతుంది. పాతబడిందని కాస్త ముందుగా తెలుస్తుందేమో, అంతే.

ఈ చివరి మాట కూడా నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె నవ్వి, ఆ సుత్తంలో పదమూడో మెట్టు అనిత్యతను గమనిస్తూ ఊపిరి తీయడమని, పద్నాలుగోది రాగం వాడిపోవడాన్ని గమనిస్తూ తీయడమని, వసంతం గురించి సాధన నేర్పేవారంతా ఆరో మెట్టు దగ్గరే దుకాణం కట్టేస్తారని అన్నారు. పూలు విచ్చే వారానికి ఉన్న సూచనలు రాలే వారానికి లేకపోవడం వింతగా లేదా అని కూడా అడిగారు. ఉంది. అయితే నా సాధన ఆ ఆరింటి చుట్టూనే తిరుగుతోంది కనుక, రాలే వారం గురించి రాయడం నా వల్ల అయ్యే పని కాదు. ఆమెనే రాయమని అడిగాను, ఇంకా ఒప్పుకోలేదు.